ఆట ఏ డిస్కులో వెయ్యాలి

జూన్ 4

అక్కా,

నీ ఉత్తరం అందింది. సరుకుల బండి వాళ్ళు కవరు మీద నూనె మరక చేశారు గానీ లోపల అక్షరాలు భద్రంగానే ఉన్నాయి. ఫోను సిగ్నలు కూడా అందని మీ క్యాంపులో రేకుల మీద వాన పడితే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదని రాశావు. ఇక్కడ వాన లేకుండానే ఇల్లంతా అలా ఉంది.

అమ్మ బాగానే ఉంది. మెడ దగ్గర కుట్లు విప్పేశారు. ఊపిరి కోసం పెట్టిన ఆ చిన్న రంధ్రాన్ని తనే శుభ్రం చేసుకుంటోంది, నన్ను దగ్గరకు రానివ్వడం లేదు. ఏం కావాలన్నా పలక మీద రాస్తుంది. గొంతుపెట్టె తీసేసిన వాళ్ళందరూ మెల్లగా అలవాటు పడతారని డాక్టరు చెప్పాడు. అమ్మ పడుతోంది. నేనే పడలేదు. వంటగదిలోంచి కేకేస్తుందేమోనని ఇంకా ఒక చెవి అటే వేసి ఉంచుతున్నాను.

కళ్ళద్దాల షాపులో పని మామూలే. మొన్న ఒకావిడ పొద్దున్నుంచీ ఫ్రేములన్నీ ముఖానికి పెట్టుకుని చూసి, చివరికి తను పెట్టుకొచ్చిన ఫ్రేములాంటిదే ఇంకోటి కొనుక్కుని వెళ్ళింది. మా ఓనరు ఆవిడ వెళ్ళాక కూర్చుని మంచినీళ్ళు తాగాడు.

నిన్ను ఒకటి అడగాలి, తిట్టకు. కంప్యూటరు నీది కాబట్టి అడుగుతున్నాను. ఒక ఆట వేద్దామనుకుంటున్నాను, చాలా పెద్దది. సి అని చూపించే చిన్న డిస్కు వేగంగా ఉంది కానీ నీ సొరంగం మ్యాపులతో నిండిపోయింది, అవి తీస్తే గానీ ఆట పట్టదు. డి అని చూపించే పాత పెద్ద డిస్కులో బోలెడు ఖాళీ ఉంది. కాకపోతే అది అప్పుడప్పుడు టక్ టక్ మంటోంది. దేంట్లో వెయ్యమంటావు? కొంచెం తొందరగా చెప్పు.

నీ
చంటి

జూన్ 11

చంటీ,

ఆటా? నేనే తప్పు చదివానేమోనని మళ్ళీ మొదటినుంచి చదివాను. అమ్మ ఆసుపత్రి నుంచి వచ్చి ఇంకా సరిగ్గా నిలదొక్కుకోలేదు, నీకు ఆట కావలసి వచ్చింది! అదీ తొందరగా! ఇరవై ఏడేళ్ళ మనిషివి. నీ వయసులో నేను కొండకి తూట్లు పొడుస్తున్నాను.

సరే, తిట్టడం అయింది. ఇక జాగ్రత్తగా చదువు. డి టక్ టక్ మంటోందని ఒక్క ముక్క రాసి దాటేశావు. ఉత్తరం మొత్తంలో నాకు ఆ ముక్కే కనపడింది. ఆ పాత డిస్కులో ఒక బిళ్ళ తిరుగుతూ ఉంటుంది, దాని మీద సన్నటి పుల్లలాంటిది ఆడుతూ చదువుతుంది. అది తడబడితే వచ్చే చప్పుడది. ఏ రోజైనా ఆగిపోవచ్చు.

డి లో ‘పాఠాలు’ అని ఒక ఫోల్డరు ఉంది. దూరవిద్య వాళ్ళ కోసం అమ్మ చదివి రికార్డు చేసిన పాఠాలు. బీరువాకి దుప్పట్లు వేలాడదీసి లోపల కూర్చునేది, మనం తుమ్మినా తలుపు తీసి కళ్ళెర్రజేసేది, గుర్తుందా? ఆ సంస్థ మూతపడింది. ఇంకెక్కడా కాపీ లేదు. ఆపరేషనుకు ముందు, మాట నేర్పే మేడమ్ నాకు ఒక సంగతి చెప్పింది. మనిషి స్పష్టంగా చదివిన రికార్డింగులు ఉంటే కంప్యూటరు ఆ గొంతును నేర్చుకుంటుందట. తర్వాత అమ్మ టైపు చేస్తే అమ్మ గొంతే పలుకుతుంది. ఫోన్లో తీసిన వీడియోలు గోలగా ఉంటాయి, పనికిరావు. సెలవు మీద వచ్చినప్పుడు నేనే చేయించి అమ్మని ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. అందుకే నీకు కూడా చెప్పలేదు.

కాబట్టి డి మీద ఏమీ వెయ్యకు. ముందు పాఠాలన్నీ సి లోకి కాపీ చెయ్యి, వాటి మటుకు చోటు సరిపోతుంది. నా మ్యాపుల మీద చెయ్యి వెయ్యకు, సర్వే లైసెన్సు పరీక్షకి అవే ఆధారం. ఆటకి చోటుండదు. లేకపోవడమే మంచిది. అమ్మకి ఇదేమీ చెప్పకు.

ఇక్కడ సొరంగం గోడ చెమర్చడం ఎక్కువైంది. మా ఇంజనీరు ఏం పర్వాలేదంటాడు. అంటూనే రోజూ వచ్చి చేత్తో తడిమి చూస్తాడు.

అక్క

జూన్ 15

అక్కా,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున వచ్చింది. ఆట నేను అంతకుముందే వేసేశాను. డి లోనే.

ఊరికే వెయ్యలేదు. రిపేరు షాపాయనని అడిగితే, “చిన్నదాన్ని ఖాళీగా ఉంచండి సార్, ఆటలన్నీ పెద్దదాంట్లోనే పడెయ్యండి” అన్నాడు. చప్పుడు సంగతి ఆయనకి చెప్పలేదు. అది అంత పెద్ద విషయమని నాకు తెలియదు. పాఠాల సంగతి అంతకన్నా తెలియదు. నువ్వు నాకు ముందే ఒక్క మాట చెప్పి ఉంటే డి ని ముట్టుకునే వాడినా?

నీ ఉత్తరం చదవగానే షాపుకి సెలవు పెట్టి కాపీ మొదలుపెట్టాను. మొదట బాగానే వెళ్ళింది. తర్వాత చప్పుడు ఆగకుండా రావడం మొదలైంది, ఎవరో లోపలినుంచి గోరుతో తలుపు గీకుతున్నట్టు. కాపీ ఎంతయిందో చూపించే గీత కదలడం మానేసింది. అమ్మ పక్క గదిలోంచి వచ్చి నిలబడి, ఏమిటన్నట్టు చెయ్యి తిప్పింది. ఏం లేదన్నాను. నా ముఖం చూసి నమ్మలేదు. స్క్రీను నల్లబడింది. మళ్ళీ ఆన్ చేస్తే డి అసలు కనపడలేదు.

ఆపేసి ప్లగ్గు పీకేశాను. ఇంకేం చెయ్యమంటావో చెప్పు.

ఆట సంగతి మాత్రం, అక్కా, నువ్వు అనుకుంటున్నట్టు కాదు. ఇంతకన్నా ఇప్పుడు రాయలేను.

చంటి

జూన్ 21

నువ్వు అనుకుంటున్నట్టు కాదట! మరి ఎలా అనుకోమంటావు? పోబోతున్న డిస్కు మీద అంత బరువు తెచ్చి పడేశావు. దాని కొనఊపిరి నీ ఆటకి ఖర్చుపెట్టావు. అమ్మకి మిగిలిన గొంతు అదొక్కటే, దాన్ని కూడా లేకుండా చేశావు.

ఇంకోసారి ఆన్ చెయ్యకు. విప్పకు. ఎవడో చెప్పాడని ఫ్రిజ్‌లో పెట్టకు. పోయిన డిస్కుల్లోంచి ఫైళ్ళు తీసేవాళ్ళు వేరే ఉంటారు, వాళ్ళని వెతుకు. నేను వద్దామంటే గోడలోంచి నీళ్ళు ధారగా వస్తున్నాయి, సర్వే వాళ్ళెవరికీ సెలవు ఇవ్వడం లేదు.

ఇక్కడ పడుకునే ముందు రోజూ ఏం చేస్తానో తెలుసా? నేను ఇంటికొస్తాను, మెట్ల మీద చెప్పుల చప్పుడు విని అమ్మ లోపలినుంచే “వచ్చావుటే?” అంటుంది. దాన్ని మళ్ళీ మళ్ళీ అనుకుంటే గానీ నిద్ర పట్టదు. ఆ గొంతు లేని ఇంటికి నేనెందుకు రావాలి?

జూన్ 26

అక్కా,

ఇక దాచను. దాచి ఏం లాభం లేకుండా పోయింది.

ఆట నాది కాదు. అమ్మది.

కుట్లు విప్పించుకోవడానికి వెళ్ళినప్పుడు ఆసుపత్రి హాల్లో ఒక పెద్దాయన కంప్యూటరు ముందు కూర్చున్నాడు. అమ్మలాగే ఆయనకీ గొంతుపెట్టె తీసేశారు. ఒకప్పుడు లారీ డ్రైవరట. ఆయన ఆడుతున్నది లారీ తోలే ఆట. పెద్ద పెద్ద రోడ్లు, కొండలు, వానలు, సరుకు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చాలి. దారిలో కనపడే మిగతా లారీలన్నీ ఎక్కడెక్కడి మనుషులో తోలుతున్నవే. మాట్లాడాలంటే అందరూ టైపే చేస్తారు. అమ్మ తన వరస వచ్చినా కదలకుండా ఆయన వెనకే నిలబడింది. ఇంటికొచ్చాక పలక మీద రాసింది: “అది మనింట్లో పెట్టగలవా? అక్కకి చెప్పకు. నవ్వుతుంది. లేకపోతే ఏడుస్తుంది.”

అమ్మకి సైకిలు తొక్కడం కూడా రాదు కదా. మొదటి రోజు లారీని తిన్నగా తీసుకెళ్ళి పెట్రోలు బంకులోకి దూర్చింది. భుజాలు ఎగిరెగిరి పడుతుంటే దగ్గు అనుకుని నీళ్ళకి పరిగెత్తాను. దగ్గు కాదు, నవ్వు. చప్పుడు లేని నవ్వు నేను అప్పుడే మొదటిసారి చూశాను.

నువ్వు రాసిన ఆఖరి ఉత్తరం నేను షాపులో ఉన్నప్పుడు వచ్చింది. నీ చేతిరాత చూసి తనకే అనుకుని అమ్మ విప్పింది. నేను వచ్చేసరికి మడిచి బల్ల మీద పెట్టి ఉంది. పలక మీద ఒకే ముక్క. “గొంతు పోగొట్టుకున్నది నేను. వాణ్ణెందుకు అంటుంది?” అంతే. చివరి వాక్యం గురించి ఏమీ రాయలేదు. ఆట పోయినా రోజూ కంప్యూటరు గదిలో కూర్చునేది, ఆ రోజు నుంచి అటు వెళ్ళడం లేదు. పలక కూడా పెద్దగా తియ్యడం లేదు. నాకు భయంగా ఉంది అక్కా.

ఫైళ్ళు తీసే ఆయన దొరికాడు. డిస్కు చెవి దగ్గర పెట్టుకుని విని, “ఇంకొక్కసారి తిరుగుతుందేమో. తిరిగినంతసేపు ఎంత దొరికితే అంత తీస్తాను. ఏది ముందు కావాలో ఇప్పుడే చెప్పండి, తర్వాత నన్ను అడగొద్దు” అన్నాడు. నీ ఉత్తరం కోసం ఆగే టైము లేదు. పాఠాలు ముందు అని చెప్పి వచ్చాను. మన ఫోటోలన్నీ వెనక పడ్డాయి.

చంటి

జూలై 6

అక్కా,

సరుకుల బండి వచ్చింది. ఉత్తరం లేదు. డ్రైవరుని అడిగితే, “లోపలికి నీళ్ళొచ్చాయి బాబూ, నన్ను గేటు దగ్గరే ఆపేశారు” అన్నాడు. ఎవరికేమయిందో ఆయనకి తెలియదట. మీ ఆఫీసు నంబరు ఎవరూ ఎత్తడం లేదు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. బతికున్నానని ఒక్క ముక్క రాయి. నన్ను తిట్టు, ఏమైనా రాయి.

అమ్మ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. నువ్వు కోపంతోనే రాయడం లేదనుకుంది మొదట. నీళ్ళ సంగతి చెప్పాలా వద్దా అని తల బద్దలు కొట్టుకుని, చివరికి చెప్పాను. లేచి వెళ్ళి నువ్వు ఇంట్లో వదిలివెళ్ళిన కాగితం మ్యాపుల చుట్ట తెచ్చి నేల మీద పరిచింది. నువ్వు ఎక్కడుంటావో చూపించమంది. నాకేం తెలుసు? ఏదో ఒక చోట వేలు పెట్టాను. అక్కడే అరచెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

డిస్కు తిరిగింది. కాస్సేపే. పాఠాల్లో ఒక వంతు దక్కింది, మిగతావీ ఫోటోలూ పోయాయి. దక్కింది చాలని మేడమ్ అంది. నువ్వు చేయించాలనుకున్నదే కదా అని నేను ముందుకెళ్ళి చేయించాను. నిన్న అమ్మని తీసుకెళ్ళాను. మేడమ్ ఏదో టైపు చేసింది. కంప్యూటరులోంచి అమ్మ “నమస్కారం, మీరంతా బాగున్నారా?” అంది. అక్కా, నేను అక్కడ ఉండలేక బయటికి వచ్చి గోడకి ఆనుకుని ఏడ్చాను. లోపలికి వెళ్ళేసరికి అమ్మ దాన్ని ఆపేసి ఉంది. పలక మీద “ఈవిడ బాగా మాట్లాడుతోంది” అని రాసి నాకు చూపించి, వెంటనే తుడిచేసింది.

రాయి అక్కా.

చంటి

జూలై 9

చంటీ,

బాగున్నాను. ఎడమ మోకాలు దోక్కుపోయింది, అంతే. మాలో ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు.

నేను లోపల కొలతలు తీస్తుండగా గోడ పగిలింది. ముందు దీపాలు పోయాయి. ఆ హోరులో అరిచినా నా అరుపు నాకే వినపడలేదు. నీళ్ళు నడుము దాకా వచ్చాయి, ఎటు నడవాలో తెలియలేదు. ఎవరో నా భుజం పట్టుకుని గట్టిగా ఒకసారి నొక్కి ముందుకి తోశారు. నేను నా ముందున్న మనిషి భుజం పట్టుకుని అలాగే నొక్కాను. అలా ఒకళ్ళ వెనక ఒకళ్ళం బయటపడ్డాం. వెలుతురులోకి వచ్చాక వెనక్కి తిరిగి చూస్తే, నా భుజం మీద చెయ్యి మా వంటమనిషిది. భోజనం డబ్బాలు ఇవ్వడానికి లోపలికి వచ్చాడట. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకుని పిచ్చివాళ్ళలా నవ్వాం.

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి అందాయి. చంటీ, నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఉత్తరంలో పడ్డాక వెనక్కి రావని తెలుసు. అయినా తీసుకుంటున్నాను. అమ్మ లారీ తోలుతోందని చదివి నవ్వలేదు, ఏడవలేదు. కొంచెం సిగ్గేసింది, ఆ సంగతి నాకు చెప్పడానికి అమ్మ భయపడిందని.

గొంతు దక్కిందని చదివాక మాత్రం నేరుగా వెళ్ళి సెలవు అడిగాను. ఈ నెలాఖర్లో సెలవు ఇస్తామన్నారు. చంటీ, ఒక్క పని చేసి పెట్టు. నేను మెట్లెక్కేటప్పుడు ఆ కంప్యూటరుతో “వచ్చావుటే?” అనిపించు. ఇంకేమీ అడగను.

అక్క

జూలై 15

ఒసేయ్ తల్లీ,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. నాకు పోయింది గొంతు, చెయ్యి కాదు. నువ్వు రాసినవి తమ్ముడు చూపించాడు. మీరిద్దరూ నా గురించి ఇన్ని ఉత్తరాలు రాసుకున్నారు, నాకు ఒక్కటీ రాయలేదు.

బతికి బయటపడ్డావు. ఆ వంటమనిషిని మనింటికి భోజనానికి పిలువు. మోకాలికి మందు రాయి, నిర్లక్ష్యం చెయ్యకు.

ఆ గొంతు విన్నాను. నాదే, కాదనను. కానీ అది నేను బీరువాలో కూర్చుని, మేఘాలు ఎలా పుడతాయో ముఖం తెలియని పిల్లలకి చెప్పిన గొంతు. దానికి తొందర లేదు, విసుగు లేదు, కోపం రాదు. నీతో నేను ఎప్పుడైనా అలా మాట్లాడానా? దాని చేత “వచ్చావుటే” అనిపిస్తే మేఘాల పాఠంలాగే అంటుంది. నీకు కావలసింది అది కాదని నువ్వు మెట్ల మీద ఉండగానే తెలిసిపోతుంది. అప్పుడు నీ ముఖం చూడాల్సింది నేను.

బయటికి వెళ్తే ఏమవుతోందో చెప్పనా? నేను పలక మీద రాయడం పూర్తి కాకముందే షాపువాడు తమ్ముడి వైపు తిరిగి “ఏమంటున్నారు?” అని అడుగుతాడు. కొందరు నాకు చెవుడనుకుని అరుస్తారు. కొందరు సగం మాట చదివి మిగతాది వాళ్ళే చెప్పేస్తారు, అదీ తప్పు చెప్తారు. ఆ ఆటలో అలా కాదు. అక్కడ అందరం రాసుకునేవాళ్ళమే. ఒకరోజు మంచులో ఒకతని లారీ దారి తప్పితే నేను ముందు నడిపి ఊరు చేర్చాను. “మీ వెనకే వస్తాను పెద్దమ్మా” అని రాశాడు. ఆపరేషను అయిన తర్వాత నా వెనక ఎవరైనా వస్తాననడం అదే మొదలు. అందరూ నా ముందు నడిచి చెయ్యి పట్టుకునేవాళ్ళే.

నీ ఆఖరి వాక్యం చదివాను. ఆ గొంతు లేని ఇంటికి ఎందుకు రావాలని అడిగావు. నేనున్న ఇల్లు కదే అది.

కోపంగా రాయడం లేదు. నువ్వు అడిగావు కాబట్టి, అంతగా కావాలంటే, ఒక్కసారి అనిపిస్తాను. ఒక్కసారే. ఆ తర్వాత ఆగి, నేను రాసేదాకా నిలబడి, చదువుకోవాలి.

ఇంకొకటి. తమ్ముడు కొత్త పెద్ద డిస్కు తెచ్చాడు, దక్కిన పాఠాలు అందులో పెట్టాడు. నా ఆట మళ్ళీ వేస్తానంటున్నాడు. చిన్నదాంట్లో వేస్తే టక్కున తెరుచుకుంటుందట, కానీ నీ మ్యాపులు తియ్యాలి. నీ పరీక్షకి అడ్డం రావడం నాకిష్టం లేదు. పెద్దదాంట్లోనే వెయ్యమన్నాను. ఒక్కో ఊరు తెరుచుకునే లోపల పప్పు కడిగేసుకోవచ్చు.

నీ
అమ్మ

జూలై 22

అమ్మా,

నీకు మొట్టమొదట రాస్తున్న ఉత్తరం ఇది. ఇంతకుముందు రాసినవన్నీ చింపి మళ్ళీ మొదలుపెట్టాను. నీకు సంజాయిషీ చెప్పబోతే ప్రతిసారీ అది నా గురించే అవుతోంది.

ముందు పని సంగతి. పెద్దదాంట్లో వద్దు. నా మ్యాపులన్నీ తీసి కొత్త డిస్కులోకి మార్చెయ్యమని చంటికి చెప్పు. వాటిని నేను ఇంటికొచ్చినప్పుడే తెరుస్తాను, కాస్త ఆలస్యమైతే కొంపేమీ మునగదు. నీ ఆట చిన్నదాంట్లో వెయ్యమను. మంచులో నీ వెనక లారీలు నిలబడి ఉంటే నువ్వు పప్పు కడుగుతూ కూర్చోవడం ఏమిటి?

పాఠాలు చెరిపేయించకు, ఉండనీ. ఎప్పుడైనా నాకు మేఘాల సంగతి తెలుసుకోవాలనిపిస్తే వింటాను. నువ్వు ఎలాగూ నాకు ఓపిగ్గా చెప్పవు.

శుక్రవారం బండిలో బయలుదేరుతున్నాను. వంటమనిషికి నీ పిలుపూ నీ లారీ సంగతీ చెప్పాను. చాలా సంతోషించి, మీ అమ్మగారు ఏం తోలుతారు, ఆరు చక్రాలదా పది చక్రాలదా అని అడిగాడు. నాకు తెలియదన్నాను. నిజంగానే నాకు ఏమీ తెలియదని అప్పుడు అనిపించింది.

మెట్ల దగ్గర ఏ గొంతూ వద్దు. ఒక్కసారి కూడా వద్దు. నువ్వే వచ్చి తలుపు తియ్యి. పలక చేతిలో పట్టుకునే రా. ఎంతసేపైనా రాసుకో, నిలబడతాను. తిట్లయినా సరే, చివరిదాకా చదువుతాను.

నీ
పెద్దది